మబ్బులో దాచిన కథ

జూన్ 18

తమ్ముడికి,

పిల్లలు ఆటలకు వెళ్ళిన అరగంటలో, మూడో తరగతి గదిలో కూర్చుని రాస్తున్నాను. కాగితం మీద సుద్దపొడి ఉంటే దులుపుకుని చదువుకో.

నీ కూతురు ఉడత బాగుంది. ఎప్పటిలాగే బుగ్గలో ఏదో ఒకటి దాచుకుని నములుతూ ఉంటుంది. నీకు మూడు ముక్కలు రాయమంటే రాసింది, ఇందులోనే పెట్టాను. ఆరు నెలలని చెప్పి కొండెక్కావు, రెండేళ్ళయింది. మీ బావ అంటారు, "వాతావరణ కేంద్రానికి మీ తమ్ముణ్ణి పంపారా, వాతావరణాన్నే వాడికి రాసిచ్చారా" అని. ఆయన మాటలకేం గాని, వచ్చే జీపులో నీ పాత కళ్ళజోడు పంపించు. తన దుకాణంలో అద్దాలు మార్చి ఇస్తానన్నారు.

బడిలో ఈసారి ఓ వింత జరిగింది. భాష పాఠాల కోసం మా తరగతికి మూడు కంప్యూటర్లు, గోడకు ఒక తెర ఇచ్చారు. ఇరవై రెండేళ్ళుగా సుద్దముక్కతో నెట్టుకొచ్చినదాన్ని, వాటిని ముట్టుకోవడానికే రెండు రోజులు పట్టింది. కంప్యూటర్ టీచరమ్మ పక్కన కూర్చుని నేర్పింది. ఆమె వయసు నాలో సగం ఉంటుంది, ఓపిక నాకు రెట్టింపు. ఇంటర్నెట్‌లో ఒక ఖాళీ పేజీ ఉంటుంది. అది మూడు కంప్యూటర్లలోనూ ఒకేసారి తెరుచుకుంటుంది. ఇక్కడ ఒకరు అక్షరం కొడితే అక్కడా కనిపిస్తుంది, గోడ మీదా కనిపిస్తుంది. అందరం కలిసి ఒకే కథ రాయవచ్చు. పిల్లలు తలా ఒక రంగు ఎంచుకున్నారు. ఏ రంగు ఎవరిదో నాకు చెప్పకూడదని వాళ్ళలో వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. నేనూ అడగలేదు. పేరు తెలియదంటే నోరు లేని పిల్లలు కూడా రాస్తారు కదా.

అంతా అయ్యాక ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఇంటికెళ్తే ఇది ఎక్కడుంటుంది?" అని.

"క్లౌడ్‌లో ఉంటుంది" అంది కంప్యూటర్ టీచరమ్మ.

"క్లౌడ్ అంటే?"

"మబ్బు."

ఇరవై ఆరు తలలు కిటికీ వైపు తిరిగాయి. బయట నిజంగానే ఒక పెద్ద మబ్బు నీళ్ళట్యాంకు మీద ఆగి ఉంది. అప్పుడు మన ఉడత లేచి నిలబడి, "మా నాన్న ఉద్యోగం అందులోనే" అంది.

ఇంకేముంది. కథ దాని అంతట అదే మొదలైంది. పేరు మబ్బు మనిషి.

నీ అక్క

&nbsp;

జూన్ 30

అక్కకు,

జీపు సోమవారం రాలేదు, బుధవారం వచ్చింది. కూరగాయలు, బ్యాటరీలు, నీ ఉత్తరం అన్నీ తడిసి ముద్దయ్యాయి. నీ అక్షరాలు కాస్త ఈదుకుంటూ వచ్చాయి గాని, చదవగలిగాను.

పిల్లలకు చెప్పు, మబ్బులో ఏదీ దాచడానికి వీల్లేదని. రెండేళ్ళుగా ఇందులో బతుకుతున్నాను, ఆరేసిన చొక్కాయే నాకు దొరకదు. పొద్దున తలుపు తెరిస్తే మబ్బు అడగకుండా లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంటుంది. నాకూ, వంటాయనకూ మధ్య పట్టుమని పదడుగుల దూరం ఉండదు, అయినా ఆయన గొంతే వినిపిస్తుంది, ముఖం మధ్యాహ్నానికి గాని రాదు. ఎనిమిదిన్నరకు వానమాపకంలో నీళ్ళు కొలుస్తాను. ఆకాశాన్ని ఎనిమిది పాళ్ళు చేసి ఎన్ని పాళ్ళు మబ్బుందో రాస్తాను. ఈ నెలంతా ఎనిమిదికి ఎనిమిదే. ఆ అంకెలు వైర్‌లెస్‌లో కింద ఆఫీసుకు చదువుతాను. వాళ్ళు "సరే" అంటారు. కింది లోకం నాతో మాట్లాడే మాట రోజుకు అదొక్కటే. దానికే అలవాటు పడ్డాను.

ఉడత ఉత్తరం చదివాను. "నేను బాగున్నాను. నువ్వు బాగున్నావా. ఇక్కడ అందరూ బాగున్నారు." పోయిన నెలదీ ఇదే, అంతకు ముందుదీ ఇదే. పక్కపక్కన పెడితే ఒకదానికొకటి నకళ్ళు. వాళ్ళ అమ్మ పోయిన కొత్తలో నా చొక్కా వదిలేది కాదు. ఇప్పుడు మీ ఇంట్లో కుదురుకుంది. నన్ను కొద్దికొద్దిగా మరిచిపోతోందేమో. మంచిదేలే. పసిపిల్ల, ఎన్నాళ్ళని మోస్తుంది.

కళ్ళజోడు పంపుతున్నాను. కథ ఎంతవరకు వచ్చిందో రాయి.

నీ తమ్ముడు

&nbsp;

జూలై 9

తమ్ముడికి,

కథ అడిగావు కాబట్టి తెర మీద ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను. నా దగ్గర నీలం పెన్నే ఉంది, రంగులు నువ్వే ఊహించుకో.

"మబ్బు మనిషి చాలా పొడుగు. ఆయన ఇల్లు తెల్లగా ఉంటుంది, గోడలు నోట్లో వేసుకుంటే కరుగుతాయి. ఆయన రోజూ వాన చుక్కలు లెక్కపెట్టి చిన్న గిన్నెలో పోస్తాడు. ఒక చుక్క తక్కువైతే మళ్ళీ మొదటి నుంచి. ఆయనకు కాళ్ళు లేవు, అందుకే దిగిరాడు. కాదు, కాళ్ళు ఉన్నాయి. మెట్లు ఎక్కడున్నాయో మరిచిపోయాడు. కింద ఊళ్ళో ఒకరు రోజూ దీపం ఊపుతారు. ఆయన అది నక్షత్రం అనుకుంటాడు. ఎప్పుడు దిగుతాడు? ఎప్పుడు గుర్తొస్తుంది? ఎప్పుడు?"

తమ్ముడూ, ఇది నా మూడో తరగతి. పోయినేడాది రెండో తరగతిలో వీళ్ళ చేత "నా పెంపుడు జంతువు" మీద ఐదు వాక్యాలు రాయించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు బెల్లు కొట్టినా లేవరు. ఒత్తు ఎక్కడుంది, దీర్ఘం ఎక్కడుంది అని ఒకరికొకరు వెతికి పెట్టుకుంటారు. మొన్న ఎవరో "మబ్బు మనిషి నెల మీద పడ్డాడు" అని కొట్టారు. "నెల మీద ఎలా పడతాడు, ఏ నెల మీద?" అని గదంతా నవ్వు. నవ్వి నవ్వి, వాళ్ళే దీర్ఘం పెట్టి నేల చేశారు. నేను వెయ్యిసార్లు చెప్పినా ఎక్కని దీర్ఘం ఒక్క నవ్వుతో ఎక్కింది.

ఇంకో సరదా కూడా నేర్చుకున్నాం. కథ మొత్తం ఒక చోట పడేస్తే, ఎక్కువసార్లు వచ్చిన మాటను పెద్దగా, తక్కువసార్లు వచ్చినదాన్ని చిన్నగా పేర్చి కంప్యూటరు బొమ్మలా చూపిస్తుంది. మబ్బు పెద్దగా వస్తుందనుకున్నాం. దాని నెత్తినెక్కి కూర్చున్న మాట "ఎప్పుడు".

నీకూ చెప్పాలనిపించింది.

మీ బావ అద్దాలు మార్చారు. తుడవడానికి గుడ్డ కూడా పెట్టారు, చొక్కా అంచుతో తుడవొద్దన్నారు.

నీ అక్క

&nbsp;

జూలై 21

అక్కకు,

కళ్ళజోడు అందింది. బావకు చెప్పు.

కథ చదివాను. చెప్పదలచుకున్నది నేరుగా చెప్పి ఉంటే బాగుండేది. మెట్లు మరిచిపోయినవాడు, దీపాన్ని నక్షత్రం అనుకునేవాడు, ఎనిమిదేళ్ళ పిల్లలకు ఇవి తట్టే మాటలా? పిల్లల పేరు పెట్టి నువ్వు నాకు వేస్తున్న ప్రశ్న అర్థమైంది. రెండేళ్ళు పిల్లను సాకావు. విసిగి ఉంటావు. నీ తప్పేమీ లేదు. ఉడత బరువైతే ఆ మాటే చెప్పు. ఏదైనా వసతిగృహం చూస్తాను.

వానలు ఎక్కువగా ఉన్నాయి. ఇంతకన్నా రాయడానికేం లేదు.

తమ్ముడు

&nbsp;

ఆగస్టు 1

ఒరే తమ్ముడూ,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు. ఆ కథలో నా మాట ఒక్కటి లేదు. దీర్ఘం కూడా నేను పెట్టలేదని రాశాను కదరా. వసతిగృహం అన్న మాట మీ బావ చదివి, మాట్లాడకుండా దుకాణానికి వెళ్ళిపోయారు. ఆయన మాట్లాడకుండా వెళ్ళడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి. ఇంకోసారి ఆ మాట రాస్తే నేనే జీపెక్కి వచ్చి నీ చెవి మెలేస్తాను. ఎనిమిదికి ఎనిమిది పాళ్ళ మబ్బున్నా నీ చెవి నాకు దొరుకుతుంది.

నా కోపం అలా ఉంచు. ఇక్కడ అంతకంటే పెద్ద కష్టం వచ్చింది. కథ పోయింది.

పోయిన మంగళవారం ఆటల బెల్లు అయ్యాక వచ్చి చూస్తే తెర ఖాళీ. మూడు కంప్యూటర్లలోనూ ఖాళీ. ఆరు వారాల కథ, ఒక్క అక్షరం మిగల్లేదు. అంతా ఎంచుకుని ఒక్క మీట నొక్కితే పోతుందట. కంప్యూటర్ టీచరమ్మ చెల్లెలికి పురుడు, ఆమె మూడు వారాలు సెలవు. నాకు ఆ యంత్రం గురించి తెలిసింది ఆవగింజంత.

పిల్లలు ఏడ్చారు. తర్వాత ఒకరి మీద ఒకరు పడ్డారు. అంతకు ముందు రోజు ఎవరో మబ్బు మనిషిని చంపేస్తూ ఒక ముక్క రాశారట, నేను చూడలేదు. రాసింది బోసినవ్వు పిల్ల, ముందు పళ్ళు రెండూ ఊడినది. పాపం, తనే ఒప్పుకుంది. "రాశాను టీచర్, తుడవలేదు" అంటుంది, ఎవరూ నమ్మరు. చివరకు అందరూ కలిసి తేల్చిందేమిటంటే, మబ్బు మనిషికి కోపం వచ్చి కథ వెనక్కి తీసేసుకున్నాడని. "ఉడత వాళ్ళ నాన్నను అడగండి టీచర్, అక్కడుందేమో చూడమనండి" అన్నారు. అడుగుతానన్నాను. అడుగుతున్నాను.

ఉడత మూడు రోజులుగా కడుపునొప్పి అని బడికి రావడం లేదు. కడుపు మీద చెయ్యి వేయబోతే నొప్పి పక్కకు జరుగుతుంది. అన్నం ముందు పెడితే బుగ్గలో కూడా పెట్టుకోవడం లేదు.

అక్క

&nbsp;

ఆగస్టు 12

అక్కకు,

చెవి పట్టుకో, మెలెయ్యి. ఆ ఉత్తరం జీపెక్కిన గంటకే వెనక్కి పిలవాలనిపించింది. ఇక్కడ మాట పోయాక తిరిగి రాదు, మబ్బు మింగేస్తుంది. బావ కాళ్ళ మీద పడ్డానని చెప్పు.

నాకు ఒక ఉపాయం తోచింది. కథలో కొంత నువ్వు జూలైలో దించి పంపావు కదా. దాన్ని పెద్ద అక్షరాలతో ఎత్తి రాశాను. దానికి ముందు ఒక ముక్క చేర్చాను. విడిగా మడిచి పెట్టాను, తరగతిలో చదువు. అందులో ఇలా ఉంటుంది: "పిల్లలూ, మీ కథ పోలేదు. ఆ మంగళవారం గట్టిగా గాలి వీచి, మబ్బులోంచి కొట్టుకొచ్చి నా కిటికీకి తగులుకుంది. తడిసింది గనక ఆరబెట్టి, మిగిలినంత పంపుతున్నాను. నాకు కోపం లేదు. మబ్బు మనిషి."

వంటాయన చదివి మెచ్చుకున్నాడు. ఉడత మొహం వెలుగుతుందని నా ఆశ. ఆ పిల్ల దిగులంతా కథ పోయినందుకే అయి ఉంటుంది.

నీ తమ్ముడు

&nbsp;

ఆగస్టు 24

తమ్ముడికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నువ్వు పంపింది శుక్రవారం తరగతిలో చదివాను. ఉడతను బతిమాలి తీసుకొచ్చాను. "కిటికీకి తగులుకుంది" దగ్గరికి వచ్చేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు బల్లెక్కాడు. బోసినవ్వు పిల్ల ఇన్నాళ్ళ తర్వాత నవ్వింది. అప్పుడు ఉడత లేచింది.

"అబద్ధం" అంది.

"ఏమిటమ్మా?"

"మా నాన్న అబద్ధం రాశాడు. కథ గాలికి పోలేదు. నేనే తుడిచేశాను."

నేను దగ్గరికి వెళ్ళి, "ఎందుకు తుడిచావే?" అన్నాను.

"చచ్చిపోయాడని రాశారు. జారి పడి చచ్చిపోయాడు, కథ అయిపోయింది అని రాశారు. ఆ ఒక్కటీ తుడుద్దామంటే నాకు రాలేదు. అంతా పోతే అది కూడా పోతుంది కదా అత్తా."

బడిలో నన్ను ఎప్పుడూ టీచర్ అనే పిలుస్తుంది. ఆ రోజు అత్త అంది. బోసినవ్వు పిల్ల లేచి వచ్చింది, కొడుతుందేమో అనుకున్నాను. "నాకు ముగింపు ఎలా రాయాలో తెలియలేదు, అందుకే చంపేశాను. మీ నాన్న అని కాదు" అంది. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఆ గంట పాఠం లేదు.

సోమవారం కంప్యూటర్ టీచరమ్మ వచ్చింది. సంగతి విని, "అయ్యో, ఈ పేజీ ఏదీ మరిచిపోదండీ. ఏ రోజు ఎలా ఉందో అన్నీ ఉంటాయి" అని ఏదో నొక్కింది. కథ మొత్తం మళ్ళీ తెర మీద లేచి నిలబడింది, రంగులతో సహా. నువ్వు అబద్ధమాడాల్సిన పనే లేకపోయింది, నేను నిద్ర పోగొట్టుకోవాల్సిన పనీ లేకపోయింది.

ఉడత నా చెయ్యి పట్టుకుని, "ఊదారంగు నాది" అంది. తమ్ముడూ, కాళ్ళు ఉన్నాయి అన్నది ఊదా. మెట్లు ఊదా. దీపం ఊదా. ఎప్పుడు అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ ఊదా.

నీకు మూడు ముక్కలు రాసి, మిగిలినవన్నీ అక్కడ రాసింది. నువ్వేమో మరిచిపోతోంది అనుకున్నావు, తర్వాత నేను రాశాననుకున్నావు. నన్ను కూడా తిట్టుకో. ఒకే ఇంట్లో ఉండి, ఒకే తరగతిలో ఉండి, దాని మాట నేను గుర్తుపట్టలేదు. రంగులు చూసి ముచ్చటపడ్డాను గాని, ఆ రంగు వెనక ఎవరని తలెత్తి చూడలేదు.

సెప్టెంబరు మొదటి వారం నుంచి బడికి పది రోజులు సెలవులు. ఆ సోమవారం జీపులో పిల్లను పంపుతున్నాను. డ్రైవరు భార్య కూడా వస్తుందట, తోడు ఉంటుంది. నన్ను వద్దనకు. వద్దనడానికి నీకు టైము కూడా లేదు, ఇది అందేసరికి అది బయల్దేరుతుంది.

అక్క

&nbsp;

సెప్టెంబరు 11

అక్కకు,

వచ్చే సోమవారం జీపులో నేనూ ఉడతా ఇద్దరం దిగుతున్నాం. కింద ఆఫీసులో అంకెలు ఎక్కించే పని అడిగాను, ఇచ్చారు. నా చోటుకు మనిషి శుక్రవారమే వస్తున్నాడు, అతణ్ణి దించిన బండిలోనే ఈ ఉత్తరం పంపుతాను. ఎలా జరిగిందో చెప్పాలి, ఇంటికొచ్చాక నోటితో చెప్పలేనేమో, అందుకే రాస్తున్నాను.

జీపు దీపాలు మబ్బులో చాలాసేపు పసుపు ముద్దల్లా కదిలి, చివరకు జీపయ్యాయి. అందులోంచి బావ టోపీ ఒకటి దిగింది. దాని కింద ఉడత. నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు పొడుగు లేవు" అంది. అంతే. మూడు రోజులు కథ విషయమే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా వెనకాలే తిరిగింది. వానమాపకం పట్టుకుని, కంటికి ఎదురుగా పెట్టి, ఊపిరి బిగబట్టి చదివేది. తెల్లటి దాంట్లో ఇద్దరం చెరొక మూలన నిలబడి గొంతులతో వెతుక్కునే ఆట ఆడాం. వంటాయన కూడా కలిశాడు. ఒకరోజు మధ్యాహ్నం మబ్బు కాస్త విడిపోయి, కింద మీ ఊరు అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపించింది. "ఇక్కడినుంచి మా ఇల్లు కనపడుతుందా?" అని అడిగింది. కనపడదన్నాను. "నాకు తెలుసు" అంది.

నాలుగో రోజు పొద్దున, ఎనిమిదిన్నర రీడింగుకు వెళ్తుంటే మెట్టు మీద కూర్చుని ఉంది.

"అమ్మ పోయాక నన్ను అత్త దగ్గర వదిలేసి ఎందుకొచ్చావు నాన్నా?"

కథలో అడగలేదక్కా. నన్నే, నా మొహం చూసి అడిగింది.

"ఉద్యోగం కదమ్మా" అన్నాను.

"అది కాదు. గాలికి కొట్టుకొచ్చింది లాంటిది చెప్పకు."

పక్కన కూర్చున్నాను. ఎవరికీ చెప్పని సంగతి, నీకు కూడా చెప్పలేదు. చెప్పాను. "మీ అమ్మ పోయాక మళ్ళీ బడికి వెళ్ళిన మొదటి రోజు నీకు జడ వేయబోయాను. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ ఊడిపోయింది. నువ్వు ఏడవలేదు. అద్దంలోంచి నన్ను చూసి, 'పర్లేదు నాన్నా, ఇలాగే వెళ్తాను' అన్నావు. ఆరేళ్ళ పిల్ల నన్ను ఓదార్చింది. నాకు ఏదీ చేతకాదనిపించింది. చేతకానివాడి దగ్గర పిల్ల ఉండకూడదనుకున్నాను."

మబ్బు మా మోకాళ్ళ మీదుగా పోతోంది.

"జడ కోసమా?" అంది.

"ఆఁ."

"జడ నేనే వేసుకుంటాను ఇప్పుడు. అత్త నేర్పితే నెల రోజుల్లో వచ్చేసింది. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని."

నిజమే కదక్కా. అడగలేదు. రెండేళ్ళు చుక్క పొల్లుపోకుండా వాన కొలిచాను, పిల్లను ఒక్క మాట అడగలేదు.

తర్వాత అది ఇటు తిరిగి కూర్చుని, జడ విప్పి, ఎలా వేయాలో చూపించింది. మూడు పాయలు, ఎడమది మీదికి, కుడిది మీదికి. రెండుసార్లు ఊడింది. "గట్టిగా పట్టుకో, నాకేం నొప్పి లేదు" అంది. మూడోసారి నిలిచింది. వంకరగా ఉంది గాని నిలిచింది.

ఆ రోజు ఎనిమిదిన్నర రీడింగు తొమ్మిదింబావుకు పంపాను. ఇన్నాళ్ళలో ఆలస్యం కావడం అదే మొదలు. కింద ఆఫీసతను కంగారుపడి, "ఏమైంది, పరికరం పాడైందా?" అని అడిగాడు.

"లేదు, ఇంటి పని" అన్నాను.

నీ తమ్ముడు